తొందర లేని బూర

మొన్న మా ఇంటి నీళ్ల మోటారు కాలిపోతే, ఎవరో కొత్త మేస్త్రి బాగుచేసి తెచ్చి బిగించాడు. స్విచ్చి వేశాడు. పైన ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు వినబడింది. అక్కడితో అతని పని అయిపోయింది. నాకు మాత్రం తృప్తి కలగలేదు. గూట్లోంచి స్క్రూడ్రైవరు తెచ్చి, మొన మోటారు వీపుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. లోపల బేరింగు తిరుగుతున్న చప్పుడు సన్నగా, దూరంగా లారీలు పోతున్నట్టు వినబడింది. కళ్లు తెరిచేసరికి ఆ మేస్త్రీ, మా ఆవిడా పక్కపక్కన నిలబడి నన్నే చూస్తున్నారు. మోటారుకి నాడి చూస్తున్నారేటని అడిగింది మా ఆవిడ.

ఆ నాడి చూడటం నాకు నేర్పినాయన పోయి ఏడాది కావస్తోంది.

ఆయన పేరు రాయను. ఊళ్లోనూ ఎవరూ ఆయన్ని పేరుతో పిలవలేదు. నర్సీపట్నంలో కోటవురట్ల వెళ్లే రోడ్డు మీద, వైండింగు మేస్త్రి అంటే చాలు, ఎవరైనా దారి చూపించేవారు. చుట్టుపక్కల చెరుకు తోటల్లో, వరి మళ్లల్లో తిరిగే మోటార్లలో సగం ఆయన చేతి మీదుగా పోయినవే. కాలిన మోటారు కడుపు విప్పి, మాడిపోయిన రాగి తీగంతా లాగేసి, మళ్లీ కొత్త తీగ లెక్కపెట్టి చుట్టడం ఆయన పని. ఆయన చుట్టిన మోటారు మళ్లీ కొట్టుకి రాదని పేరు.

మొదటిసారి నేను వెళ్లింది మా మావగారి చెరుకుతోట మోటారు కోసం. కొట్లోకి అడుగుపెట్టి నోరు తెరవబోయాను. ఆయన తలెత్తకుండానే ఎడంచెయ్యి పైకెత్తి బస్సు ఆపినట్టు నన్ను ఆపేశారు. కుడిచెయ్యి తీగ చుడుతోంది. పెదాలు మాత్రం కదులుతున్నాయి. అంకెలు లెక్కపెడుతున్నారని అర్థమై నిలబడిపోయాను. ఆయన వెనక బల్ల మీద ఒక పాత టేప్‌రికార్డరు మోగుతోంది. అలాంటి పాట నేనెప్పుడూ వినలేదు. ఒక బూర, దాని కింద డ్రమ్ము, ఎక్కడో అడుగున ఒక లావు తీగ వాద్యం. ఎవరికీ ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేదన్నట్టు వాయిస్తున్నారు. కొట్టంతా వార్నిష్ వాసన. సగం దించిన షట్టరు కిందనుంచి ఎండ లోపలికొచ్చి రాగి తీగ మీద పడి మెరుస్తోంది. నేను వచ్చిన పని మర్చిపోయాను.

చివరికి ముడి వేసి ఆయన తలెత్తారు. "ఇప్పుడు సెప్పండి మాస్టారూ. లెక్కలో ఉన్నప్పుడు దేవుడొచ్చినా కూకోవాల్సిందే" అన్నారు. నేను మాస్టారినని ఎలా తెలిసిందంటే, నా చొక్కా జేబులో ఎర్ర పెన్ను చూపించారు.

ఆ పాటేమిటని అడిగాను. జాజండి అన్నారు. మా వైపు జాజు అంటే గోడల అంచులకి పూసే ఎర్రమట్టి. పండక్కి ముందు పూస్తారు, అదా అని అడిగేశాను. ఆయన నవ్వి, ఆ జాజు కాదని, ఇది సముద్రం అవతలి జాజ్ సంగీతమని చెప్పారు. ఎదురుగా టీకొట్టాయనది ఇంకో పొరపాటు. ఈ కొట్లో ఎప్పుడూ జాజిపూల పాటలే పెడతారని, వాటిలో పూల ఊసు మాత్రం రాదని ఆయన చివరిదాకా వచ్చినవాళ్లందరికీ చెబుతూనే ఉన్నాడు.

మేస్త్రి గారు వయసులో ఉన్నప్పుడు విశాఖపట్నంలో ఓడల రిపేర్ల దగ్గర పనిచేశారట. ఒక విదేశీ ఓడ ఇంజను గదిలో ఏదో మోటారు బాగుచేస్తే, అక్కడి మెకానిక్కు సంతోషపడి పాడైపోయిన టేప్‌రికార్డరొకటి, తొమ్మిది క్యాసెట్లు చేతిలో పెట్టాడట. అట్టలు ఎప్పుడో పోయాయి. క్యాసెట్ల మీద ఇంకుతో రాసిన పేర్లు చెమటకి చెదిరిపోయాయి. అందుకని వాటికి ఆయనే గుర్తులు పెట్టుకున్నారు. నల్లటిది, మూల విరిగినది, చీమలు పట్టినది, ఇలాగ. టేప్‌రికార్డరులో మోటారు అప్పటికే కాలిపోయి ఉంటే తానే విప్పి, వెంట్రుకంత తీగ తెప్పించి, భూతద్దం పెట్టుకుని చుట్టుకున్నారు. అంత చిన్న మోటారు జీవితంలో ఒక్కటే చుట్టానని గర్వంగా చెప్పేవారు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం నా కాళ్లు అటే లాగేవి. నాకన్నా ముందునుంచీ వచ్చే మనిషి ఇంకొకాయన ఉన్నాడు. బలిఘట్టం నుంచి సైకిలు మీద వచ్చేవాడు. పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్టు వాయిస్తాడు. మేమిద్దరం, మేస్త్రి గారు. నర్సీపట్నం జాజు సంఘమంటే అంతే.

సంఘానికి ఒకటే నిబంధన. పాట అయిపోయాక ప్రతివాళ్లూ అభిప్రాయం చెప్పాలి, కానీ బాగుంది అనకూడదు. బాగుంది అన్నవాడు లేచి వెళ్లి అందరికీ టీ తేవాలి. బాగుంది అనడానికి చెవులెందుకండి, నోరుంటే చాలు అనేవారాయన. మొదటి నెల్లాళ్లు టీలన్నీ నేనే తెచ్చాను. పిల్లలకి పాఠాలు చెప్పే నాకు ఒక పాట గురించి చెప్పడానికి ఆ ఒక్క మాట తప్ప ఇంకోటి లేదని తెలిసి సిగ్గేసింది. ఒక ఆదివారం ఎలాగో తెగించి, ఈ పియానో ఆయన అందరి భోజనాలూ అయ్యాక వచ్చి మజ్జిగ మాత్రం పుచ్చుకుని వెళ్లే చుట్టంలా ఉన్నాడన్నాను. మేస్త్రి గారు తొడ చరిచి, అదీ అభిప్రాయమంటే అన్నారు. డిగ్రీ పట్టా అందుకున్నరోజు కూడా నేనంత పొంగిపోలేదు.

ఆయన వినడం చూడవలసిన సంగతి. అడుగున మోగే లావు తీగ కోసం స్క్రూడ్రైవరు మొన స్పీకరు పెట్టెకి ఆనించి, పిడి చెవికి పెట్టుకునేవారు. ఈ తీగాయన మాట్లాడడండి, మోస్తాడు అనేవారు. చీమలు పట్టిన క్యాసెట్టులో ఒకావిడ పాడుతుంది. ఆవిడ గొంతు మొదలవగానే మేస్త్రి గారు చొక్కా బొత్తాలు పెట్టుకునేవారు. ఎండాకాలంలో చెమటలు కారుతున్నా సరే, ఆవిడ పాట అయ్యేదాకా ఆ బొత్తాలు ఊడేవి కావు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. బూరలు గట్టిగా మోగే క్యాసెట్టంటే బలిఘట్టం ఆయనకి గిట్టదు, ఊరేగింపులో ముందు నడిచే బాపతని తీసిపారేసేవాడు. దాని మీద వాళ్లిద్దరికీ మూడు వారాలు మాటల్లేవు. మాటల్లేకపోయినా ఆదివారం మాత్రం మానలేదు, నా ద్వారా అభిప్రాయాలు పంపుకునేవారు.

కానీ మా ప్రాణమంతా నల్ల క్యాసెట్టులో ఉండేది. అందులో మూడో పాట. నేను మొదటిరోజు విన్నది అదే. ఒక్క సాక్సాఫోను, తొందర లేకుండా, ఒక్కొక్క స్వరం దించిపెడుతూ పోతుంది. వింటుంటే మధ్యాహ్నం సాగిపోయి ఇంకెప్పటికీ సాయంత్రం కాదేమో అనిపించేది. వానాకాలం ఏజెన్సీ కొండలమీద నుంచి మబ్బు దిగి కొట్టు చీకటి పడ్డప్పుడు ఆ పాట పెట్టుకుంటే మేం ముగ్గురం ఎక్కడున్నామో మాకే తెలిసేది కాదు. ఆ వాయించేవాడు ఏడుస్తున్నాడని మేం తేల్చాం. ఎందుకన్నది మాత్రం తేలలేదు. అతనికి భార్య పోయిందని, అదీ తను ఊళ్లో లేనప్పుడు పోయిందని మేస్త్రి గారి వాదన. కాదు, పోయింది గురువన్నాను నేను. బలిఘట్టం ఆయనకి ఆ ఏడుపుతో పనిలేదు. ఇంతింత పొడుగు స్వరాలు ఒక్క ఊపిరిలో ఎలా పడుతున్నాడన్నదే అతని దిగులు. తనూ అలా పట్టబోయి ఒకసారి కళ్లు తిరిగి తీగ చుట్టల మీద పడ్డాడు. మనిషికి అంత ఊపిరి ఉండదని, వాడెవడో మహానుభావుడని ఆ గాలికే దణ్ణం పెట్టేవాడు.

మేస్త్రి గారి భార్య కొట్టు వెనక ఇంట్లోంచి అప్పుడప్పుడు వచ్చి విసుక్కునేది. తన భజన క్యాసెట్టు ఈ పెట్టెలో పెడితే నీరసంగా వస్తోందని ఆవిడ ఫిర్యాదు. ఉపవాసముండి పాడినట్టున్నారని మేస్త్రి గారు నవ్వేసేవారు. మేమూ నవ్వేవాళ్లం. దీపం కింద చీకటంటే ఏమిటో మాకు అప్పటికింకా తెలీదు.

పదకొండేళ్లు అలా గడిచాయి.

ఒకరోజు పాయకరావుపేటలో పెళ్లికి వెళ్లి బస్సులో తిరిగొస్తున్నాను. ఫోను ఇయర్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని, జాజు పాటలేవో ఒకదాని తరవాత ఒకటి దానంతటవే వస్తుంటే వింటున్నాను. ఒక పాట మొదలైంది. తెలిసినాయనెవరో ఎదురొచ్చి పలకరించకుండా గబగబా నడిచిపోయినట్టనిపించింది. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. మా మూడో పాట. అదే బూర, అదే డ్రమ్ము, అదే మజ్జిగ పియానో. కానీ హుషారుగా, గొంతు పెంచి, చకచకా వాయిస్తున్నారు. మా కొట్టు గడియారంలో తొమ్మిది నిమిషాల పాట ఫోనులో ఎనిమిది నిమిషాలకే అయిపోయింది. లెక్కల మాస్టారిని కదా, నిష్పత్తి కట్టేశాను. తప్పు ఎక్కడుందో దొరికిపోయింది. తప్పు దొరికితే నాకుండే సంతోషం మా స్కూలు పిల్లలందరికీ తెలుసు. బస్సు నర్సీపట్నం చేరేదాకా నా ఛాతీ పొంగుతూనే ఉంది. చెప్పకూడదన్న ఆలోచన ఒక్క క్షణం కూడా రాలేదు. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకునేది అందుకే.

ఆదివారం ఫోను తీసి తీగ చుట్టల పక్కన పెట్టి వినిపించాను. ఎవడో మన పాట ఎత్తుకొచ్చి తొందర తొందరగా వాయించేస్తున్నాడన్నాడు బలిఘట్టం ఆయన. కాదని, ఇదే అసలుదని, మనం విన్నదే తప్పని నల్లబల్ల మీద లెక్క చేసినట్టు విడమర్చి చెప్పాను. తొమ్మిది, ఎనిమిది అని వేళ్లు కూడా చూపించాను.

మేస్త్రి గారు వాదించలేదు. టేప్‌రికార్డరు మూత విప్పారు. లోపలి చిన్న చక్రం మీద సుద్దముక్కతో చుక్క పెట్టి తిప్పి చూశారు. స్క్రూడ్రైవరు ఆనించి చెవికి పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు. పిడి దించాక నా వైపు చూడకుండా, "నిజమేనండి. తిరగాల్సినంత తిరగట్లేదు. సుట్లు ఎక్కువేసీసినాను" అన్నారు.

ఊళ్లోని మోటార్లన్నిటి నాడీ పట్టిన మనిషి. ఇన్నేళ్లూ ఇంత దగ్గర కూర్చుని, సొంత చేతిపని మీద అనుమానం లేక, ఈ ఒక్కదాని నాడి పట్టుకోలేదు. ఆ మొహం చూశాక నాకు భయమేసింది. పోనీ ఇలాగే ఉంచేద్దాం మేస్త్రి గారూ, మనకి ఇదే అలవాటైంది, అసలు పాట కావాలంటే ఫోనులో ఉండనే ఉందన్నాను.

"తప్పని తెలిసినాక వొగ్గేస్తే నేనేటి మేస్త్రినండి?" అన్నారాయన. "అవతల వాయించినాయన ఓ కొలత పెట్టుకుని వాయించాడు. ఇన్నేళ్లు ఆయన కొలత మనం తప్పు సూపించాం."

ఆ మధ్యాహ్నమే భూతద్దం పెట్టుకుని కూర్చున్నారు. ఆ చిన్న మోటారు విప్పి, వెంట్రుక తీగ చుట్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ లెక్కపెట్టారు. చుట్టేటప్పుడు ఎప్పుడూ పెదాలతోనే లెక్కపెట్టే మనిషి ఆరోజు పైకి చప్పుడొచ్చేలా లెక్కపెట్టారు. మేమిద్దరం గోడకి ఆనుకుని కూర్చుని వింటున్నాం. ఆపమన్నా ఆగేవారు కాదు.

బిగించి నల్ల క్యాసెట్టు పెట్టారు. ఫోనులో ఎలా ఉందో అలాగే వచ్చింది. బలిఘట్టం ఆయన ఆ పొడుగు స్వరాల దగ్గర ముందుకి వంగి విన్నాడు. పాట సగంలో లేచి సైకిలు స్టాండు తీసి, "మామూలోడే" అని వెళ్లిపోయాడు. ఆరోజు ఎవరూ టీ తాగలేదు. ఏడ్చే మనిషి కోసం పదకొండేళ్లు తోడు కూర్చున్నాం, అలాంటి మనిషే లేడని ఆరోజు తేలిపోయింది. ఆ నెమ్మది పాట ప్రపంచంలో ఒక్క ఆ పెట్టెలోనే ఉండేది, దాన్ని నేనే చేతులారా తీయించేశాను.

నేను బయల్దేరుతుంటే మేస్త్రి గారు గడపదాకా వచ్చారు. "మళ్లీ మొదట్నుంచి ఇనాలండి మాస్టారూ. కొత్త మనిషి కదా, అలవాటవ్వాలి. వొచ్చే ఆదివారం రండి" అన్నారు.

రెండు ఆదివారాలు వెళ్లాను. ఆయన చెవికి పిడి పెట్టుకుని కొత్త పెళ్లికొడుకు మాటలు వింటున్నంత శ్రద్ధగా వినేవారు. నాకు ఆ హడావిడి భరించడం కష్టమైంది. అభిప్రాయం అడిగితే ఏదో ఒకటి అల్లి చెప్పాను. అది అల్లికేనని ఆయనకి తెలిసింది. మూడో వారం ఒంట్లో బాగాలేదన్నాను. ఆ తరవాత అబద్ధం చెప్పే అవసరం కూడా లేకపోయింది, వెళ్లడమే మానేశాను. ముఖం చెల్లకపోవడం ఒకటి. ఆ కొట్టు ముందునుంచి పోతే వినబడే పాట మీద కోపం ఇంకొకటి. రెండేళ్లు కోటవురట్ల రోడ్డు తప్పించి చుట్టూ తిరిగి వెళ్లాను.

ఒక్కసారి సంతలో ఎదురుపడ్డారు. మనిషి సన్నబడ్డారు. చేతిలో చింతపండు పొట్లం. నన్ను చూడగానే ముఖం విప్పారింది, నేను రాకపోవడం గురించి ఒక్క మాట అనలేదు. దగ్గరికొచ్చి రహస్యం చెబుతున్నట్టు, "మాస్టారూ, దొరికిందండి" అన్నారు. ఏమిటన్నాను. "ఇక్కడ కాదు. పాట ఇంటూ సెప్పాలి. ఓపాలి రండి" అన్నారు.

ఆదివారం వస్తానన్నాను. ఆ ఆదివారం పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. నిజంగా పేపర్లున్నాయి. కానీ సాయంత్రంలోగా అయిపోయాయి. వెళ్లడానికి పొద్దుంది, వెళ్లలేదు. తరవాతి వారం వెళ్దామనుకున్నాను. మనుషులు ఉంటారనే కదా అనుకుంటాం. మూడు వారాల తరవాత టీకొట్టాయనే స్కూలుకి కబురు పంపాడు, మీ జాజిపూల మేస్త్రి గారు పోయారని.

దినం అయ్యాక వెళ్లాను. షట్టరు సగం దించి ఉంది. లోపల ఆయన భార్య కింద కూర్చుని, మిగిలిన తీగ చుట్టలు లావువి ఒకవైపు, సన్నవి ఒకవైపు వేరుచేస్తోంది. నన్ను చూసి స్టూలు జరిపింది. ఇన్నాళ్లూ రాలేదేమని ఆవిడా అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదనిపించింది. నేనే మొదలుపెట్టి, సంతలో కలిశామని, ఏదో దొరికిందన్నారని, ఏమిటో మీకు చెప్పారా అమ్మా అని అడిగాను.

ఆవిడ తీగ పక్కన పెట్టింది. "ఓ మద్దేనం కొట్లోంచి నవ్వు ఇనబడ్డాదండి. ఆయనొక్కరే ఉన్నారు. ఏటైపోనాదో అని వొచ్చి సూస్తే, పాట యెనక్కి తిప్పుకుని ఇంటన్నారు, ఓ సోటికి వొచ్చేసరికి నవ్వుతున్నారు. మళ్లీ తిప్పుతున్నారు, మళ్లీ నవ్వుతున్నారు. కళ్లంట నీళ్లు కారిపోతన్నాయి. ఏటండీ అది అనడిగినాను. ముందు మాస్టారికి సెప్పాలి, తరవాత నీకు సెప్తానన్నారు."

ఆవిడ మళ్లీ తీగ చుట్ట చేతిలోకి తీసుకుంది.

"మీకూ సెప్పలేదు, నాకూ సెప్పలేదు" అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే నాకు దుఃఖం ఆగలేదు. ఆవిడ ముందే, చిన్నపిల్లాడిలా, ఎర్రపెన్ను జేబు తడిసేలా ఏడ్చాను. ఆవిడ నన్ను ఏడవనిచ్చింది. తరవాత తనే లేచి, బల్ల మీది టేప్‌రికార్డరు గుడ్డతో తుడిచి, నా ముందుకి జరిపింది. నల్ల క్యాసెట్టు అందులోనే ఉంది.

మీట నొక్కాను. మూడో పాట వచ్చింది. ఆ వేగంలో ఎనిమిది నిమిషాలూ కదలకుండా వినడం నాకు అదే మొదటిసారి. సాక్సాఫోను ఏదో చెప్పబోతుంది, డ్రమ్ము అడ్డొస్తుంది, పియానో మధ్యలో దూరుతుంది. మేం అన్నేళ్లు ఏడుపనుకున్న చోటల్లా వాళ్లు ఒకళ్లనొకళ్లు ఆటపట్టించుకుంటున్నట్టుంది. నవ్వు రాదగ్గ చోట్లు ఒకటి కాదు, చాలా కనబడ్డాయి. ఆయన నవ్వింది వాటిలో ఏదో తెలియలేదు. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, పాటని కాకుండా నా మొహాన్నే చూస్తోంది.

పాట అయిపోయింది.

"ఏ సోటండీ?" అంది.

ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో అడిగిన ప్రశ్నకి జవాబు తెలీదని నేను ఎవరికీ చెప్పలేదు. తెలీదమ్మా అన్నాను.

ఆవిడ తీగ చుట్టలు పక్కకి జరిపి, గోడకి ఆనుకుని సర్దుకుని కూర్చుంది. "యెనక్కి తిప్పండి" అంది.

తిప్పాను.